దూరవిద్యలో చేరే ముందు నాలుగు వారాలు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. ఇంటర్ పాసై పన్నెండేళ్ళయింది. ఇద్దరు పిల్లలు. మావారు రొయ్యల చెరువులు చూసుకుంటారు. ఇగ్నో (ఇందిరాగాంధీ నేషనల్ ఓపెన్ యూనివర్సిటీ)లో దూరవిద్య ద్వారా బి.ఏ. చేయాలనుంది. ఫీజు కట్టాక చదవలేకపోతే నలుగురిలో నవ్వులపాలవుతానని టెన్షన్. నేను చదవగలనో లేదో ముందే ఎలా తెలుస్తుంది మేడమ్?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, తెలివి గురించి బెంగ వద్దు. నేను స్టడీ సెంటర్‌లో ఆదివారం క్లాసులు చెప్పిన రోజుల్లో మధ్యలో మానేసినవాళ్ళను చాలామందినే చూశాను. పాఠం అర్థంకాక మానినవాళ్ళు తక్కువ. పుస్తకం ముందు కూర్చునే వేళ దొరక్క మానినవాళ్ళే ఎక్కువ.

ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల పేపరుకు 120 గంటలు. అలాంటివి ఆరు నెలల్లో ఐదు చదవాలంటే రోజుకు మూడు గంటల పైమాటే. చెరువులున్న ఇంట్లో రాత్రిళ్ళు మీ చేతిలో ఉండవు. కరెంటు పోతే చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతాయని ఆయన జనరేటర్ దగ్గరకు పరిగెత్తుతారు, మీకూ నిద్ర ఉండదు. కాబట్టి పిల్లలు బడికి వెళ్ళాక పగలే కూర్చోవాలి. ఆ సంగతి మీవారికీ అత్తగారికీ ఇప్పుడే చెప్పండి. వాళ్ళు మనస్ఫూర్తిగా సరేనంటే సగం పని అయినట్టే. పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో వస్తాయి. వరి చేను కూడా ఉంటే డిసెంబర్‌లో సార్వా నూర్పిళ్ళ హడావుడి ఉంటుంది, ఆ నెలలో ఇంటిపని ఎవరు చూస్తారో ముందే మాట్లాడుకోండి.

ఇక ఫీజు కట్టకముందే చేయాల్సిన పని ఒకటుంది. ఈజ్ఞానకోశ్ సైటులో ఇగ్నో పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. చాలావరకు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటాయి, అది కూడా మీకు ఇప్పుడే తేలిపోతుంది. ఇంగ్లీషు మరీ కష్టమైతే తెలుగు మీడియం ఉన్న యూనివర్సిటీ వెతుక్కోవచ్చు. నచ్చిన సబ్జెక్టులో ఒక యూనిట్ చదివి, పుస్తకం మూసి, చివర్లో ఉన్న ప్రశ్నకు తెల్లకాగితం మీద రెండు పేజీలు రాయండి. ఏళ్ళ తరబడి పెన్ను పట్టని చెయ్యి కదా, రెండో పేజీకే బొటనవేలి మొదట్లో లాగేస్తుంది. జవాబు తెలిసి కూడా చెయ్యి సాగక, పరీక్ష హాల్లో చివరి ప్రశ్న వదిలేసి వచ్చినవాళ్ళున్నారు. ఆ చెయ్యి ఇంట్లోనే అలవాటు పడాలి. అసైన్‌మెంట్లు, అంటే ఇంటి దగ్గర రాసి ఇచ్చే జవాబులు కూడా చేత్తో రాయాల్సినవే, చాలా కోర్సుల్లో మొత్తం మార్కుల్లో వాటికి 30 శాతం వెయిటేజీ ఉంది.

ఇలా నాలుగు వారాలు చేయండి. వారంలో నాలుగైదు రోజులు కూర్చోగలిగితే ధైర్యంగా చేరండి. కుదరకపోతే ఈసారికి ఆగండి. జూలైలో ఒకసారి, జనవరిలో ఒకసారి అడ్మిషన్లు ఉంటాయి. చేరాక ఒక పరీక్ష తప్పినా కొంప మునగదు, మూడేళ్ళ డిగ్రీకి ఆరేళ్ళ వరకు గడువిస్తారు. నవ్వేవాళ్ళ సంగతి నాకు వదిలేయండి, ముప్పై దాటాక పుస్తకం పట్టిన ఆడపిల్లను చూసి నవ్వేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది.

వేరే యూనివర్సిటీ చూసుకుంటే మాత్రం, ఆ ఏడాదికి ఆ కోర్సుకు యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) అనుమతి ఉందో లేదో వాళ్ళ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో సైటులో చూడండి. ఏడాదిలో డిగ్రీ చేతిలో పెడతామనే ఏజెంట్లను గుమ్మం ఎక్కనివ్వకండి.

రాసిన కాగితాలు పారేయకుండా పత్రిక చిరునామాకు పంపండి, దిద్ది పంపిస్తాను.