ఆకు వేడెక్కితే నీళ్లే పోయాలా?

ప్రశ్న: మేడమ్, మాది మిద్దె తోట. కరోనా రోజుల్లో కొన్న, నుదుటికి ఎదురుగా పెట్టి జ్వరం చూసే థర్మామీటర్‌తో మధ్యాహ్నం పూట ఆకుల వేడి చూస్తున్నాను. వంగ ఆకు 35 చూపిస్తుంటే పక్కనున్న టమాటా 40 చూపిస్తోంది. ఆ టమాటాకి రెండు పూటలా నీళ్లు పోస్తున్నా వాడిపోతూనే ఉంది. ఇంకా పోయాలా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: వద్దమ్మా. ముందు ఆ గ్రో బ్యాగులో వేలు రెండు కణుపుల లోతు దాకా గుచ్చి చూడండి. తడి తగిలితే నీళ్లు ఆపేయండి. రెండు పూటలా పోస్తున్నా ఆకు వేడిగా ఉందంటే నా అనుమానం వేరు మీదే.

ఆకు మీద, ముఖ్యంగా వెనక వైపు, కంటికి కనిపించని పత్రరంధ్రాలుంటాయి. వాటిలోంచి నీరు ఆవిరై పోతుంటే, చెమట పట్టిన మన ఒంటిలాగే ఆకూ చల్లబడుతుంది. వేరు నుంచి నీరు రాకపోతే మొక్క ఆ రంధ్రాలు మూసేసుకుంటుంది. దాంతో ఆకు వేడెక్కుతుంది. మట్టి ఎండినా అంతే, నీరు నిలిచి వేరు కుళ్లినా అంతే, వేళ్లకు నులిపురుగులు పట్టి బుడిపెలు కట్టినా అంతే. ఆకు కష్టంలో ఉందని మాత్రమే థర్మామీటర్ చెబుతుంది. కారణం మనం వెతుక్కోవాలి. బ్యాగు అడుగు రంధ్రాలు మూసుకుపోయాయేమో చూడండి. కొంచెం మట్టి తీసి వేరు చూడండి. గోధుమరంగుకి తిరిగి, మెత్తబడి, వాసన వస్తుంటే కుళ్లే.

ఇక మీ అంకెల సంగతి. జ్వరం చూసే పరికరం బాడీ మోడ్‌లో ఉంటే తను చూసిన వేడిని ఉన్నదున్నట్టు చూపదు. నుదుటి చర్మం వేడిని బట్టి ఒంటి జ్వరం ఎంతో లెక్కగట్టి చూపిస్తుంది. ఆకుకి ఆ లెక్క పనికిరాదు. మీ దాంట్లో సర్ఫేస్ మోడ్ (వస్తువుల పైభాగం వేడిని ఉన్నదున్నట్టు చూపేది) ఉంటే దానికి మార్చి వాడండి. ఏసీ గదిలోంచి తెచ్చి వెంటనే చూడొద్దు. మిద్దె మీద నీడలో కనీసం పావుగంట ఉంచాక చూడండి. ఆకుకి బాగా దగ్గరగా పట్టుకోండి. దూరం పెరిగేకొద్దీ అది చూసే వలయం పెద్దదవుతుంది. టమాటా ఆకుల సందుల్లోంచి కాలుతున్న శ్లాబు కూడా అందులో పడితే అంకె ఎగబాకుతుంది.

అసలు టమాటాని వంగతో పోల్చకండి. ఒక్కో పంట తీరు ఒక్కోటి. అదే రకం టమాటా, బాగున్నది ఇంకోటి ఉంటే, ఆకాశం తేటగా ఉన్న రోజు ఒంటిగంట ప్రాంతంలో, రెండింటిలోనూ ఎండ పడే ఆకులే వెంటవెంటనే చూడండి. ఒక ఆకుకి రెండు వైపులా వాజిలిన్ పట్టించి కాసేపాగి దాన్నీ చూడండి. దాని ఆవిరి దాదాపు ఆగిపోతుంది. మిగతా ఆకులూ దాదాపు అంతే వేడిగా ఉంటే ఆ మొక్క రంధ్రాలు చాలావరకు మూసుకున్నట్టే. ఖర్చు లేని ఈ పరీక్ష నాకు చాలా ఇష్టం.

గాలి వేడి కూడా రాసుకోవాలి. దానికి నీడలో వేలాడదీసిన మామూలు థర్మామీటర్ కావాలి, మీ పరికరం గాలిని కొలవలేదు. మన హైదరాబాద్ ఏప్రిల్, మే నెలల పొడి గాలిలో నీళ్లు అందుతున్న ఆకు గాలికన్నా కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది. వానాకాలం తేమలో ఆ తేడా బాగా తగ్గుతుంది. అప్పుడు మే నెల అంకెలు పట్టుకుని టెన్షన్ పడొద్దు. గాలి పొడితనాన్నీ కలుపుకుని పంట దాహాన్ని లెక్కకట్టే పద్ధతిని 1981లో అమెరికాలోని అరిజోనాలో ఇడ్సో, జాక్సన్ బృందం ఇచ్చింది. మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో కూడా శనగ మొక్కల్ని, వేడిని బొమ్మగా చూపే థర్మల్ కెమెరాతో చూశారు. ఎండుతున్న నేలలోనూ ఆకులు చల్లగా ఉంచుకునే రకానికి వేళ్లు నీటిని అందుకుంటున్నాయని అర్థం.

కలబంద పగలు వేడిగా కనిపిస్తే దాన్ని వదిలేయండి. అది పగలు రంధ్రాలు మూసుకుని రాత్రి తెరుచుకునే మొక్క.

కొత్తది కొనాలనుకుంటే మెకానిక్కులు వాడే ఇన్‌ఫ్రారెడ్ గన్ తీసుకోండి. ఎమిసివిటీ, అంటే ఒక వస్తువు వేడిని ఎంత బాగా వెదజల్లుతుందో చెప్పే అంకె, దాంట్లో 0.95 ఉంటే ఆకులకు సరిపోతుంది. 12:1 అని రాసి ఉన్నది 12 సెంటీమీటర్ల దూరం నుంచి 1 సెంటీమీటరు వలయాన్ని చూస్తుంది. ఎర్రటి లేజర్ చుక్క గురి కోసమే, కొలిచేది ఆ చుక్కని కాదు.