స్టీఫెన్ కింగ్‌ని ఎక్కడ మొదలుపెట్టాలి? ‘ది మిస్ట్’తో, అదీ సినిమా చూడకముందు

“స్టీఫెన్ కింగ్ అరవైకి పైగా నవలలు రాశాడట, ఏది ముందు చదవాలి? సినిమాలు ముందు చూసేస్తే నష్టమా?” అని అడిగారు.

‘ది మిస్ట్’తో మొదలుపెట్టండి. సినిమా తర్వాత చూడండి. ఈ ఒక్క కథ విషయంలో మాత్రం వరస మారితే పెద్ద నష్టమే.

చాలామంది కొత్తవాళ్ళ చేతిలో ‘ఇట్’ పెడతారు. 1986లో వచ్చిన ఆ నవల పదకొండు వందల పేజీలు దాటుతుంది. గొప్ప పుస్తకమే, కాదనను. కానీ దాంతో మొదలుపెట్టమనడం ఈత రానివాణ్ణి ఆగస్టులో గోదాట్లోకి దింపడమే. రెండు వందల పేజీల దగ్గర పుస్తకం మూసేసి “కింగ్ మనకి ఎక్కడండీ” అన్నవాళ్ళని నేనే ముగ్గురిని చూశాను. ‘ది మిస్ట్’ అలా కాదు, నూటయాభై పేజీల లోపే. 1980లో ఒక కథా సంకలనంలో వచ్చింది, 1985లో ‘స్కెలిటన్ క్రూ’ అనే ఆయన కథల పుస్తకంలో చేరింది. రెండు రాత్రుల్లో అయిపోతుంది. నాకు సరిగ్గా రెండు రాత్రులే పట్టింది, ఆ రెండు రాత్రుల గురించి చెబితేగానీ దీన్నే ఎందుకు చదవమంటున్నానో అర్థం కాదు.

2022 జూలై వరద. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని తెలియగానే అమ్మని తీసుకొచ్చేద్దామని అమలాపురం నుంచి బయల్దేరాను. మా పుట్టిల్లు పి.గన్నవరం వైపు ఒక లంక ఊళ్ళో. అమ్మ కదలనంది. “ఎనభై ఆరు వరదకే కదల్లేదు, దీనికి కదులుతానా” అంటూ వంటింట్లో తన పని తాను చేసుకుంటోంది. గేదెని ఏటిగట్టు మీదికి తోలించి, బియ్యం డబ్బా అటకెక్కించి, ఆవిణ్ణి ఒప్పించేసరికి సాయంత్రమైంది. అప్పటికే కాజ్‌వే మీద నడుం లోతు నీళ్ళు. ఇంకెక్కడికీ పోలేక పక్కింటి మావయ్యగారి మేడ మీదికి చేరాం. మేం వెళ్ళేసరికే అక్కడ పాతికమంది ఉన్నారు, చీకటిపడేసరికి నలభై అయ్యారు. బ్యారేజీ దగ్గర నీరు 25 లక్షల క్యూసెక్కులు దాటిందని ఎవరి ఫోన్లోనో విన్నాం. తర్వాత ఒక్కొక్క ఫోనూ చార్జింగ్ అయిపోయి ఆగిపోయింది.

మేడకి పదహారు మెట్లు. మావయ్యగారి మనవడు సుద్దముక్కతో మెట్టు మెట్టుకీ అంకె వేశాడు. కాసేపటికోసారి కిందికి వంగి చూసి “ఐదు మునిగిందండీ తాతయ్యగారూ, ఆయ్” అని అరిచేవాడు. గడియారం చూడటం మానేసి అందరం ఆ అంకెలే వినేవాళ్ళం. ఎర్రనీళ్ళలో కొబ్బరికాయలు, ఎవరిదో నీలం ప్లాస్టిక్ కుర్చీ, ఒక పాడె కర్రలాంటిది కొట్టుకుపోవడం చూశాం. ఎనిమిదో మెట్టు మీద కట్లపాము చుట్టుకుని పడుకుంది. దాన్ని కొట్టొద్దని అమ్మ అడ్డుపడింది, అదీ మనలాగే ఎక్కిందని.

నా సంచిలో రెండు జతల బట్టలు, పనికిరాని చార్జరు, హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారంపూట ఫుట్‌పాత్ మీద కొన్న పాత ‘స్కెలిటన్ క్రూ’ ఉన్నాయి. నిద్ర పట్టదు కదాని చార్జింగ్ లైటు పక్కకి జరిగి మొదటి కథ తీశాను. అదే ‘ది మిస్ట్’.

కథ ఇది. అమెరికాలో మెయిన్ రాష్ట్రం, ఒక సరస్సు ఒడ్డున ఊరు. పెద్ద గాలివాన వచ్చి చెట్లు కూలి, కరెంటు పోతుంది. మర్నాడు ఒకాయన ఐదేళ్ళ కొడుకుని వెంటేసుకుని సరుకులకి సూపర్‌మార్కెట్‌కి వెళ్తాడు. వాళ్ళు లోపల ఉండగా తెల్లటి దట్టమైన పొగమంచు వచ్చి ఊరిని కమ్మేస్తుంది. ఆ మంచులో ఏవో ఉన్నాయి, బయటికి వెళ్ళినవాడు తిరిగి రాడు. లోపల ఎనభై మంది దాకా ఇరుక్కుపోతారు. పాతసామాన్ల కొట్టు నడిపే కార్మొడీ అనే పెద్దావిడ వాళ్ళలో ఒకతి. ఇదంతా దేవుడి శిక్ష అని మొదలుపెడుతుంది. మొదటిరోజు అందరూ ఆవిడని చూసి నవ్వుతారు. రెండో రాత్రికి కొంతమంది ఆవిడ చుట్టూ కూర్చుంటారు. ఆ తర్వాత ఆవిడ బలి అడుగుతుంది.

నేను సరిగ్గా అక్కడికి వచ్చేసరికి మా మేడ మీద కూడా రెండో రాత్రే. తొమ్మిదో మెట్టు మునిగింది. గోడవారన కూర్చున్న ఒక పెద్దావిడ చాలాసేపటి నుంచి గొణుగుతోంది. ఆ ఏడు అమ్మవారి తీర్థం, అంటే జాతర, జరగలేదు. చందా లెక్కల దగ్గర చివరింటివాళ్ళకీ ఊరి పెద్దలకీ మాటామాటా వచ్చి ఆగిపోయింది. “తీర్థం ఆపినవాళ్ళు ఆపారు, ముంచేది ఊరందరినీనా?” అంది ఆవిడ, ఈసారి అందరికీ వినపడేలా. ఎవరూ కాదనలేదు. అదే నన్ను భయపెట్టింది. ఇంకొకాయన “అదీ నిజమేలెండి” అన్నాడు, మెల్లిగా. చివరింటి ఆయన, ఆయన భార్య, ఇద్దరు ఆడపిల్లలు నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చున్నారు. ఎవరూ జరగమనలేదు గానీ వాళ్ళకీ మిగతా అందరికీ మధ్య బారెడు జాగా ఏర్పడింది. అంత ఇరుకు మేడ మీద, జనం ఒకరి కాళ్ళ మీద ఒకరు పడుకున్న చోట, ఆ బారెడు నేల ఖాళీగా ఉంది.

నేను పుస్తకంలోకి చూశాను, తలెత్తి ఆ ఖాళీ నేలని చూశాను. చేతులు చల్లబడ్డాయి. మంచులో ఉన్న జంతువుల వల్ల కాదు.

పొద్దున్న బోటులో పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు వచ్చాయి. పంచుతున్నప్పుడు ట్యాంకు వైపు చెయ్యి వెళ్ళలేదు. కావాలని చేశారో, కంగారులో మరిచిపోయారో నాకిప్పటికీ తెలియదు. అమ్మ లేచి, మా రెండు పొట్లాలూ, మావయ్యగారి చేతిలోంచి ఇంకో రెండూ తీసుకుని, ఆ ఖాళీలోంచి నడిచి వెళ్ళి వాళ్ళ దగ్గరే చతికిలబడింది. “రా అమ్మా, చెయ్యి కడుక్కో” అని చిన్నపిల్లని పిలిచి తనే పొట్లం విప్పింది. కాసేపటికి అత్తయ్యగారు కూడా వెళ్ళి అక్కడ కూర్చున్నారు. ఆ తర్వాత తీర్థం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పదో మెట్టు మునగలేదు.

నీరు తీశాక ఇల్లు కడుక్కుంటూ ఆ కథ అమ్మకి తెలుగులో చెప్పాను. ‘తులసిదళం’ వారపత్రికలో సీరియల్‌గా వస్తున్నప్పుడు చీకటిపడ్డాక పెరట్లోకి వెళ్ళడం మానేసిన మనిషి. ఆ కాగితాలు కత్తిరించి బైండు కూడా చేయించింది, రాసింది మన రాజోలులో పుట్టినాయన అని గర్వం. ‘ది మిస్ట్’ అంతా విని ఆవిడ మంచులో ఏముంది అని అడగలేదు. “ఆ పెద్దావిడ పక్కన మొదటిరోజే ఎవరైనా కూర్చోవాల్సింది” అంది. ఇన్నేళ్ళలో కింగ్ గురించి అంత మంచి విమర్శ నేను ఇంకెక్కడా చదవలేదు.

అందుకే ‘ది మిస్ట్’ అంటున్నాను. కింగ్ అంటే దయ్యాలు, రక్తం అనుకుని మొదలుపెడితే ఆయన అందడు. మామూలు మనుషుల్ని ఒకచోట బిగించి, తలుపులు మూసి, ఎవరు ఎలా మారతారో చూస్తాడు. ‘ది షైనింగ్’లో మంచు కురిసి దారులు మూసుకుపోయిన హోటలు, ‘మిజరీ’లో ఒక మంచం, ‘కూజో’లో ఎర్రటి ఎండలో ఆగిపోయిన కారు. లంకల్లో పుట్టినవాళ్ళకి ఇది వేరే ఎవరూ వివరించక్కర్లేదు.

ఇక సినిమా. 2007లో ఫ్రాంక్ డారబాంట్ తీశాడు. పుస్తకం చివర ఒక చిన్న ఆశ మిగిల్చి ఆగుతుంది. సినిమా ముగింపు పూర్తిగా వేరు, అది చూశాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. ఆ మార్పు తనకి నచ్చిందని కింగే చెప్పాడు. ఏమిటన్నది నేను చెప్పను, మీరూ ఎక్కడా వినొద్దు. ఈమధ్య సినిమా కథ మొత్తం పది నిమిషాల్లో చెప్పేసే వీడియోలు తెలుగులో తామరతంపరగా వచ్చాయి. ఒకడు ఈ సినిమా ముగింపుని వీడియో పేరులోనే పెట్టేశాడు. ఇంకొకరు ఏళ్ళు కష్టపడి దాచిన దాన్ని అలా వీధిలో పారబొయ్యడం నాకు దొంగతనంలాగే కనిపిస్తుంది.

ఈ డారబాంట్ మీద నాకు నమ్మకం ఎక్కువ. కుర్రాడిగా ఉన్నప్పుడు కింగ్‌కి ఒక్క డాలరు ఇచ్చి ‘ది ఉమన్ ఇన్ ద రూమ్’ అనే కథ హక్కులు తీసుకుని పొట్టి సినిమా చేశాడు. సినిమా నేర్చుకునే పిల్లలకి కింగ్ అలా ఒక డాలరుకే కథలిచ్చేవాడు. ఆ కుర్రాడే 1994లో ‘ది షాషాంక్ రిడెంప్షన్’, 1999లో ‘ది గ్రీన్ మైల్’ తీశాడు. షాషాంక్ కింగ్ కథ అని తెలియక “అదెక్కడి హారర్ అండీ” అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 1982లో వచ్చిన ‘డిఫరెంట్ సీజన్స్’లో నాలుగు పెద్దకథలుంటే అది ఒకటి. అందులోని ‘ది బాడీ’ నుంచి ‘స్టాండ్ బై మీ’ వచ్చింది. షాషాంక్ కథ చెప్పే ఖైదీ రెడ్ పుస్తకంలో ఎర్రజుట్టు ఐరిష్‌వాడు, సినిమాలో మోర్గన్ ఫ్రీమన్. ఇప్పుడు ఆ కథ చదివినా నాకు ఫ్రీమన్ గొంతే వినిపిస్తుంది. ఇలాంటివి ముందు సినిమా చూసినా ఏమీ పోదు. ‘ది గ్రీన్ మైల్’ 1996లో నెలకో చిన్న పుస్తకంగా ఆరు భాగాల్లో వచ్చింది. వచ్చే వారం దాకా సీరియల్ కోసం ఎదురుచూసిన ఇళ్ళవాళ్ళం కదా, ఆ టెన్షన్ ఎలా ఉండుంటుందో మనకి తెలుసు.

‘ది షైనింగ్’ దగ్గర నేను కింగ్ పక్షమే. కుబ్రిక్ 1980లో తీసిన సినిమాని ప్రపంచమంతా నెత్తిన పెట్టుకుంది. కింగ్‌కి మాత్రం నచ్చలేదు, 1997లో తనే రాసి టీవీకి మళ్ళీ తీయించుకున్నాడు. ఆ టీవీ సినిమా అంత బాగుండదు, అది నిజం. కానీ ఆయన బాధ సరైనదే. నవల్లో ఆ తండ్రి మంచివాడు, తాగుడు మానేసి కుటుంబాన్ని నిలబెట్టుకుందామని నానా అవస్థా పడతాడు. మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతాడో అని పెళ్ళాం పిల్లాడు ఆయన మొహంలోకి చూస్తుంటారు. మన ఊళ్ళలో అలాంటి ఇల్లు లేని వీధి చూపించండి. సినిమాలో ఆయన మొదటి సీన్ నుంచే పిచ్చివాడిలా ఉంటాడు, ఇక పడిపోవడానికి ఏముంది?

ఇంగ్లీషు కష్టమేమో అని భయపడకండి. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియమే. కింగ్ భాష వీధి భాష. పైగా ఆ మెయిన్ రాష్ట్రం ముసలాళ్ళు అవునని చెప్పడానికి ‘ఆయ’ లాంటి మాట ఒకటి అంటారు. మొదటిసారి చూసి నిజంగా పుస్తకం పక్కనపెట్టి కూర్చున్నాను. మా తాతయ్య నోట్లో ‘ఆయ్’ ఎలా పలికేదో అలాగే వినిపించింది.

పుస్తకాలు దొరకడమే అసలు బాధ. ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. నేను వెళ్ళే లైబ్రరీలో మాత్రం పోటీపరీక్షల గైడ్లు తప్ప కొత్త నవల ఒక్కటి కనిపించదు. కింగ్ తెలుగు అనువాదం నాకు తెలిసిన ఏ కొట్లోనూ లేదు. ఇన్ని వందల ఇంగ్లీషు వ్యక్తిత్వ వికాస పుస్తకాలు తెలుగులోకి తెస్తున్నవాళ్ళకి ‘డిఫరెంట్ సీజన్స్’ ఎందుకు కనిపించదో.

‘ది మిస్ట్’ తర్వాత ‘డిఫరెంట్ సీజన్స్’, ఆ తర్వాత ‘మిజరీ’, అప్పుడు ‘ది షైనింగ్’ చదవండి. ‘ఇట్’ వేసవి సెలవులకి ఉంచుకోండి.

ఇంట్లో పసిపిల్లలుంటే మాత్రం ‘పెట్ సెమెటరీ’ ఇప్పుడే వద్దు. కింగ్ కుటుంబం లారీలు తిరిగే రోడ్డు పక్క ఇంట్లో అద్దెకున్నప్పుడు కూతురి పిల్లి లారీ కింద పడి చచ్చిపోయింది. చిన్నకొడుకు కూడా ఒకసారి రోడ్డు వైపు పరిగెత్తాడు. ఆ భయంలోంచి పుట్టిన నవల అది. రాశాక తనే భరించలేక పక్కన పడేశాడు, 1983 దాకా బయటికి రాలేదు. నేను అది మొదలుపెట్టేనాటికి మా అబ్బాయికి మూడేళ్ళు. మా గేటు నుంచి కాలువకి పన్నెండు అడుగులు. రాత్రి ఒంటిగంటకి ఒక అధ్యాయం మధ్యలో లేచి వెళ్ళి గేటు గడియ చూసొచ్చాను. పడుకుని మళ్ళీ లేచి, ఈసారి తాళం వేసొచ్చాను. మిగతా పుస్తకం వాడు ఐదో తరగతికి వచ్చి, ఈత నేర్చుకున్నాకే చదివాను.