చలికాలం బండి మీద: ముందు గాలిని ఆపండి

చలి ముదిరేకొద్దీ బండి నడిపేవాళ్ల నుంచి ఉత్తరాలు పెరిగాయి. ఎక్కువమంది అడిగినవాటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది ఆదిలాబాద్ దగ్గర పల్లె. డ్యూటీకి తెల్లవారుజామున ఐదింటికి 35 కిలోమీటర్లు మోటార్‌సైకిల్ మీద వెళ్లాలి. బనీను, చొక్కా, రెండు స్వెట్టర్లు వేసి పైన శాలువా కప్పుకుంటాను. అయినా రొమ్ములోకి చలి దూరుతోంది. ఇంకో స్వెట్టర్ కొనమంటారా?

జవాబు: వద్దు. మూడోది వేసినా తేడా అంతంతమాత్రమే. స్వెట్టర్లో మనల్ని వెచ్చగా ఉంచేది ఊలు పోగుల మధ్య కదలకుండా నిలిచిన గాలి. అరుగు మీద కూర్చున్నప్పుడు అది అక్కడే ఉంటుంది. బండి మీద ఎదురుగాలి అల్లిక సందుల్లోంచి దూరి, మీ ఒంటి వేడికి వెచ్చబడిన ఆ గాలిని ఎప్పటికప్పుడు తోసేస్తుంది. మీకు కావలసింది గాలి దూరని పై పొర ఒక్కటి.

గాలి ఎంత పని చేస్తుందో చూడండి. అమెరికా, కెనడా వాతావరణ శాఖలు 2001 నుంచి వాడుతున్న లెక్క ప్రకారం 10 డిగ్రీల చలిలో 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తే బయట ఉన్న ముఖానికి 6 డిగ్రీల్లో ఉన్నట్టు తోస్తుంది. 60లో 5 డిగ్రీలు. బయట 5 డిగ్రీలే ఉండి మీరు 60లో వెళ్తే సున్నాకు రెండు డిగ్రీలు కింద ఉన్నట్టు. ఈ అంకెల్లో ఇంకో సంగతి ఉంది: పెద్ద నష్టమంతా మొదటి 40 కిలోమీటర్ల వేగంలోపే జరిగిపోతోంది. అందుకే నెమ్మదిగా వెళ్తే చలి తగ్గుతుందని ఆశపెట్టుకోకండి, బట్టలు సరిచేసుకోండి.

వరస ఇలా పెట్టుకోండి. ఒంటికి అంటి ఉండే థర్మల్ ఇన్నర్. నూలు బనీను చెమటను పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, తర్వాత అదే చలి పుట్టిస్తుంది. దాని మీద మీ స్వెట్టర్లలో మందమైనది ఒక్కటి. అన్నిటి పైనా గాలి చొరబడని విండ్‌చీటర్. అది లేకపోతే ఇంట్లో ఉన్న రెయిన్‌కోటు చాలు, గాలిని ఆపడంలో దేనికీ తీసిపోదు. దాని లోపం ఒక్కటే, చెమట ఆవిరి బయటికి పోనివ్వదు. కాబట్టి బండి ఎక్కేముందు వేసుకుని, దిగగానే విప్పేయండి. దాన్ని తొడుక్కుని బండి కడగడం, బరువులు ఎత్తడం లాంటివి చేస్తే లోపల తడిసిపోతారు.

జిప్పు దగ్గర గాలి కారుతుంది. జిప్పు వెనక గుడ్డ పట్టీ ఉన్న కోటు ఎంచుకోండి. పట్టీ లేకపోతే పాత దినపత్రిక నాలుగు ఠావులు మడిచి స్వెట్టర్‌కీ కోటుకీ మధ్య, మెడ కింది నుంచి బొడ్డు దాకా పెట్టుకోండి. ఐరోపాలో కొండలు దిగే సైకిల్ పందెగాళ్లు ఎన్నో ఏళ్లు ఇదే చేశారు. తడిసేదాకా బాగా పనిచేస్తుంది.

మెడ, మణికట్లు, నడుము. కోటు ఎంత మంచిదైనా ఈ మూడు చోట్ల తెరిచి ఉంటే వృథా. మఫ్లర్ కన్నా గొట్టంలా కుట్టిన నెక్ వార్మర్ మేలు, ఎందుకంటే దానికి వేలాడే కొసలు ఉండవు. కోటు అంచు కూర్చున్నప్పుడు నడుము పైకి జారకూడదు. కొనేటప్పుడు బండి మీద కూర్చునే భంగిమలో వంగి చూసుకోండి. నిలబడి అద్దంలో చూసుకుంటే ఈ సంగతి తెలియదు. మోకాళ్లకూ ఎదురుగాలి నేరుగా తగులుతుంది. ప్యాంటు మీద రెయిన్‌కోటు ప్యాంటు తొడగండి.

శాలువాను మాత్రం ఇంట్లో వదిలేయండి. గాలికి ఉబ్బి బండిని పక్కకు లాగుతుంది, కొస జారితే చైనులో పడుతుంది.

ప్రశ్న: చేతి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఊలు గ్లవుజులు వేసినా అరగంటకే బ్రేకు పట్టు తెలియడం లేదు. ఏం చేయాలి? (కామారెడ్డి నుంచి)

జవాబు: ముందు ఒంటి సంగతి చూడండి. రొమ్ము, పొట్ట చల్లబడితే లోపలి అవయవాలను కాపాడుకోవడానికి శరీరం చేతులకూ కాళ్లకూ వెళ్లే రక్తాన్ని తగ్గించేస్తుంది. అప్పుడు ఎంత మంచి గ్లవుజులు తొడిగినా లోపల వేడి పుట్టదు. పై జవాబులో చెప్పినట్టు కోటు సరిచేస్తేనే వేళ్లకు సగం ఊరట దొరుకుతుంది.

ఇక ఊలు గ్లవుజుల్లో రెండు తప్పులు ఉన్నాయి. వాటిలోంచి గాలి దూరుతుంది. పైగా బ్రేకు లివర్ మీద జారుతాయి. అరచేతి వైపు తోలు, పైన గాలి ఆపే గుడ్డ, లోపల మెత్తటి అస్తరు ఉన్న బండి గ్లవుజులు తీసుకోండి. సైజు దగ్గరే చాలామంది పొరపడతారు. బిగుతుగా ఉంటే రక్తం ఆడదు, మందపాటి అస్తరు కూడా నలిగి పనికిరాకుండా పోతుంది. తొడిగి పిడికిలి బిగించి చూడండి, వేలి చివర కొద్దిగా ఖాళీ మిగలాలి. తర్వాత క్లచ్, బ్రేకు పది సార్లు నొక్కి, ఇండికేటర్ స్విచ్ వెతకండి. చూడకుండా దొరకకపోతే ఆ జత మీకు నప్పదు.

ఇప్పటికిప్పుడు కొనలేకపోతే, మందుల షాపులో దొరికే పల్చటి రబ్బరు గ్లవుజులు లోపల వేసి, మీ దగ్గరున్నవి పైన తొడగండి. గాలి ఆగుతుంది. చేయి చెమర్చుతుంది కాబట్టి గంటకు మించిన ప్రయాణానికి ఇది సరిపడదు. గ్లవుజు మొదలు కోటు చేతి మీదికి రావాలా, లోపలికి పోవాలా అని అడుగుతుంటారు. పొడి చలిలో మీదికి రానివ్వండి. వాన పడితే కోటు చేతిని గ్లవుజు మీదికి లాగండి, లేదంటే చేతి మీది నీళ్లన్నీ గ్లవుజులోకే దిగుతాయి.

పాల వ్యాపారులు, పేపరు వేసేవాళ్లు రోజూ తెల్లవారకముందే తిరగాలి. అలాంటివాళ్లకు హ్యాండిల్‌కు తొడిగే మఫ్‌లు, అంటే చేతులు లోపలికి దూర్చే సంచుల్లాంటి తొడుగులు, గ్లవుజుల కన్నా మెరుగు. లోపల పల్చటి గ్లవుజు చాలు, వేళ్లకు లివర్ స్పష్టంగా తెలుస్తుంది. కాకపోతే బిగించాక హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పండి. ఎక్స్‌లేటర్ వదలగానే వెనక్కి తిరుగుతోందా, గుడ్డ బ్రేకు లివర్‌ను నొక్కిపడుతోందా చూడకుండా రోడ్డెక్కకండి.

మొద్దుబారిన వేళ్లను సైలెన్సర్ మీదో ఇంజన్ మీదో పెట్టకండి. స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు. బండి ఆపి చేతులు చంకల్లో పెట్టుకోండి. కొద్దిపాటి చలికే వేళ్లు పాలిపోయి, తర్వాత నీలంగా మారుతుంటే మాత్రం డాక్టరుకు చూపించండి, అది గ్లవుజులతో తీరే సమస్య కాదు.

ప్రశ్న: మంకీ క్యాప్ మీద హెల్మెట్ పెట్టుకోవచ్చా? వైజర్ దించితే మంచు పట్టి రోడ్డు కనబడదు, ఎత్తితే కళ్లలో నీళ్లు. (నిర్మల్ నుంచి)

జవాబు: మందపాటి మంకీ క్యాప్ మీద వద్దు. హెల్మెట్ సైజు మీ తల కొలతకు సరిపోయింది. మధ్యలో ఊలు చేరితే అది పైకి లేచి కూర్చుంటుంది, గట్టిగా తగిలినప్పుడు ఊలు నలిగి హెల్మెట్ తల మీద తిరిగిపోతుంది. గడ్డం కింద పట్టీ కూడా ఊలు మీద జారుతుంది. తలనూ మెడనూ కప్పే ఒక్క పొర పల్చటి తొడుగు, బాలాక్లావా తీసుకోండి, కుట్టు నుదుటి మీద రాకుండా చూడండి. అది వేసుకున్నాక హెల్మెట్ పెట్టి, పట్టీ బిగించి, వెనక నుంచి ముందుకు తోసి చూడండి. కదలకూడదు. ముఖమంతా మూసే ఫుల్ ఫేస్ హెల్మెట్ అయితే చెవులకు వేరే ఏదీ అక్కర్లేదు. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అన్న అంకె ఉన్నదే కొనాలని వేరే చెప్పనక్కర్లేదు.

వైజర్ మీద లోపల పట్టేది మీ ఊపిరి ఆవిరి. చల్లటి ప్లాస్టిక్‌ను తగలగానే చిన్న చిన్న బొట్లుగా మారి వెలుతురును చెదరగొడుతుంది. ఎదుటి లారీ లైటు పడితే తెల్ల తెర కట్టినట్టే. వైజర్‌ను ఒక్క మెట్టు ఎత్తి ఉంచండి, ఆవిరి పోతుంది. గడ్డం దగ్గరి గాలి రంధ్రాన్ని చలి అని మూసేయకండి. నెక్ వార్మర్‌ను ముక్కు మీదికి లాగితే ఊపిరి నేరుగా కళ్ల వైపు వెళ్తుంది, కళ్లద్దాలు ఉన్నవారికి మరీ ఇబ్బంది. దాన్ని గడ్డం దగ్గరే ఆపండి.

గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క లోపలి వైపు రాసి, మరక కనబడనంత వరకు మెత్తటి పొడి గుడ్డతో తుడిస్తే నీరు బొట్లు కట్టకుండా పల్చగా పరుచుకుంటుంది. ఇది ఒకటి రెండు రోజులు పనిచేస్తుంది. లోపల మంచు పట్టని పూత ముందే ఉన్న వైజర్‌కు ఇది రాయకండి, పూత పోతుంది. పెట్రోలు, థిన్నర్ ఏ వైజర్‌కూ తగలనివ్వకండి, పాలికార్బొనేట్ పగుళ్లిస్తుంది. అన్నిటికన్నా నమ్మకమైనది పిన్‌లాక్ అనే లోపలి పలక. రెండు పలకల మధ్య నిలిచిన గాలి వల్ల లోపలిది చల్లబడదు. కానీ వైజర్‌కు రెండు చివర్లా పిన్నులు ఉంటేనే అది బిగుస్తుంది, కొనేముందు చూసుకోండి.

పొగమంచులో తడి బయటి వైపు కూడా పడుతుంది. ఎడమ గ్లవుజు వేలి మీద రబ్బరు పట్టీ ఉన్న జత దొరికితే అదే వైపర్. నల్ల వైజర్‌తో ఆ సమయంలో అసలు బయల్దేరకండి.

ప్రశ్న: హన్మకొండలో ఉంటాం. పొద్దున మూడున్నరేళ్ల బాబును స్కూటీ మీద ప్లే స్కూల్లో దింపి ఆఫీసుకు వెళ్తాను. వాణ్ని ముందు నిలబెట్టి చున్నీ చుట్టేస్తున్నాను. చలికి అది చాలా అమ్మా అని అత్తగారు అడుగుతున్నారు.

జవాబు: మీ అత్తగారి అనుమానం సరైనదే. ముందు నిలబడినవాడికి గాలంతా ముఖానికీ రొమ్ముకీ తగులుతుంది. చిన్నపిల్లలకు బరువుతో పోలిస్తే ఒంటి పైభాగం ఎక్కువ, అందుకే పెద్దవాళ్ల కన్నా తొందరగా చల్లబడతారు. మీరు బండి నడుపుతూ కాస్త కదులుతుంటారు, వాడికి ఆ కదలికా లేదు. మీకు చలిగా లేదు కదా అని వాడి చలిని అంచనా కట్టకండి. ఆగినప్పుడు వాడి మెడ వెనక వేలు పెట్టి చూడండి, చల్లగా తగిలితే బట్టలు చాలలేదు.

వాణ్ని వెనక కూర్చోబెట్టి, మీ భుజాలకు తగిలించే బెల్టుతో కట్టుకోండి. నాలుగేళ్ల లోపు పిల్లలకు ఈ బెల్టు (సేఫ్టీ హార్నెస్) ఉండాలని, వాళ్లలో తొమ్మిది నెలలు నిండినవాళ్లకు హెల్మెట్ కూడా ఉండాలని, బండి 40 కిలోమీటర్లు దాటకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. మీ వీపు చాటున గాలి కూడా తగలదు. వాడికి ఇన్నర్, స్వెట్టర్, పైన టోపీ లేని విండ్‌చీటర్ వేయండి. టోపీ ఉంటే హెల్మెట్ కింద ముద్ద కడుతుంది. కోటు వేశాకే బెల్టు బిగించాలి. ఉబ్బుగా ఉండే కోటయితే గట్టిగా అదిమి మరోసారి బిగించండి.

చున్నీ వాడికీ వద్దు, మీకూ వేలాడనివ్వకండి. రెండు కొసలూ కోటు లోపలికి దోపి జిప్పు వేసుకోండి. చీర కట్టుకుని వెనక కూర్చునేవాళ్లు కొంగును నడుముకు చుట్టి దోపుకోవాలి. వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ బండికి ఉండాలన్నది కూడా నిబంధనే, చాలామంది అందం కోసం ఆ చీర గార్డు ఊడదీయిస్తారు. మీ పాదాలకు స్కూటీ ముందు రేకు అడ్డం ఉంటుంది కాబట్టి సాక్సు, మూసిన చెప్పులు చాలు. చలి పట్టేది మోకాళ్లకే.

ప్రశ్న: విశాఖ నుంచి రాత్రి బయల్దేరి లంబసింగి వెళ్లాలని నలుగురం అనుకుంటున్నాం. ఏమేం తీసుకెళ్లాలి?

జవాబు: మొదట ఒక మాట. రాత్రి ఘాట్ ఎక్కకండి. సాయంత్రానికే నర్సీపట్నం చేరి పడుకుని, వెలుతురు వచ్చే వేళకు కొండ ఎక్కండి. పొగమంచు అందుతుంది, లోయ అంచూ కనబడుతుంది.

లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. ఎత్తు వల్లనే మైదానం కన్నా ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది, డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో అంతకన్నా బాగా పడిపోతుంది. కింద బయల్దేరేటప్పుడే అన్నీ తొడిగేస్తే దారిలో చెమట పడుతుంది, పైకి వెళ్లాక ఆ తడే వణికిస్తుంది. కొద్దిగా చలిగా ఉన్నట్టే బయల్దేరండి. ఘాట్ మొదట్లో ఆగి, ఇంకా ఒళ్లు వేడిగా ఉండగానే స్వెట్టర్, కోటు వేసుకోండి. వణుకు మొదలయ్యాక వేసుకుంటే ఒళ్లు వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది.

ప్లాస్టిక్ కవర్లో మూట కట్టి తీసుకెళ్లాల్సినవి: ఒక పొడి ఇన్నర్, రెండు జతల సాక్సు, రెండో జత గ్లవుజులు. పొగమంచులో గంట తిరిగితే గ్లవుజులు పిండితే నీళ్లు కారతాయి. బూట్లలో రెండు సాక్సులు ఇరికించకండి, కాలివేళ్లు కదలకపోతే మొద్దుబారతాయి. ఒక సాక్సు, దాని మీద పల్చటి ప్లాస్టిక్ కవరు, ఆపైన బూటు. లేసు కొసలు లోపలికి దోపండి. నల్ల కోటయితే వీపు మీద, చేతుల మీద మెరిసే పట్టీలు కుట్టించండి, మంచులో వెనక వచ్చే బస్సుకు మీరు కనబడాలి.

నలుగురిలో ఎవరికైనా వణుకు ఆగకపోయినా, మాట తడబడినా, గేరు మార్చడంలో తికమక పడుతున్నా అక్కడే ఆపేయండి. తడి బట్టలు మార్పించి, వేడి టీ తాగించి, వెచ్చబడేదాకా అతని చేతికి బండి ఇవ్వకండి. మందు తాగితే వెచ్చగా ఉంటుందన్నది చర్మానికి కలిగే భ్రమ. అది చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేసి, లోపలి వేడిని బయటికి పంపేస్తుంది.

ప్రశ్న: హైదరాబాద్ ఎండకని, గాలి ఆడేలా జాలీ గుడ్డతో కుట్టిన రైడింగ్ జాకెట్ కొన్నాను. చలికాలానికి ఇంకోటి కొనాలా?

జవాబు: అక్కర్లేదు. దాని మీద ఒక సైజు పెద్ద విండ్‌చీటర్ తొడగండి. లోపల వేసే రెయిన్ లైనర్ కూడా గాలిని ఆపుతుంది గానీ, జాకెట్టూ దాని ప్యాడ్లూ మంచుకు తడుస్తాయి, దారిలో వేసుకోవాలన్నా జాకెట్ మొత్తం విప్పాలి. లోపల స్వెట్టర్ వేశాక మోచేతి ప్యాడ్ మోచేతి మీదే ఉందో లేదో చేయి మడిచి చూసుకోండి. పక్కకు జరిగితే స్వెట్టర్ మానేసి పల్చటి ఫ్లీస్ వేసుకోండి.