అరిగిన శిల్పఫలకానికి ఫోన్‌తో త్రీడీ మోడల్ చేస్తే తరగతి పాఠానికి పనికొస్తుందా?

అడుగున్నర ఎత్తు సున్నపురాయి ఫలకం, బల్ల మీద నిలబెట్టి ఉంది, చెక్కడం బాగా అరిగింది అని మీరు అన్నారు. పనికొస్తుంది. చుట్టూ తీసిన ఫొటోలను కలిపే సాఫ్ట్‌వేర్ మోడల్ తయారుచేస్తుంది, కాబట్టి ఫొటోలు సరిగ్గా పడాలి, అంతే. అక్కడ జరిగిన పొరపాటును తర్వాత సాఫ్ట్‌వేర్‌లో దిద్దలేం.

ముందు స్కేలు సంగతి. ఫొటోల నుంచి వచ్చే మోడల్‌కు ఆకారం ఉంటుంది గానీ కొలత ఉండదు. లండన్‌లో ఒకటి, చెన్నైలో ఒకటి ఉన్న అమరావతి ఫలకాలను తెర మీద పక్కపక్కన పెట్టాలన్నా కొలతే ఆధారం. రాయికి తగలకుండా 10 సెంటీమీటర్ల స్కేళ్లు రెండు, వేర్వేరు దిక్కుల్లో పెట్టండి. ఒకదానితో మోడల్ సైజు సరిచేసి, రెండోదాన్ని కొలవండి. తేడా అర మిల్లీమీటరు దాటితే ఎక్కడో తప్పు జరిగినట్టే.

ఫ్లాష్ వద్దు. కిటికీకి పల్చటి తెల్లగుడ్డ కట్టండి. ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, జూమ్ ముట్టుకోకుండా మీరే చుట్టూ తిరగండి: మూడు ఎత్తుల్లో, చుట్టుకు 30 ఫొటోలు. ప్రతి ఫొటోలోనూ ముందుదానిలో కనిపించిన భాగం మూడింట రెండు వంతులు మళ్లీ పడాలి. అంచుల దగ్గర ఇంకా దగ్గరదగ్గరగా తీయండి, లేకపోతే ముందు వైపు, వెనక వైపు అతుక్కోవు. రాయిని తిరుగుడు పీట మీద పెట్టి కెమెరాను కదపకపోతే, సాఫ్ట్‌వేర్ వెనకున్న కదలని గోడను ఆధారంగా పట్టుకుని మోడల్‌ను చెడగొడుతుంది. తప్పదనుకుంటే వెనక మడతల్లేని నల్లగుడ్డ వేయండి.

ఫొటోలను మోడల్‌గా మార్చే మెష్‌రూమ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే. పూర్తి వివరం రావాలంటే మాత్రం ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు కావాలి.

వచ్చిన మోడల్‌ను మెష్‌ల్యాబ్ అనే, త్రీడీ మోడళ్లను చూసే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి రంగు తీసేయండి. అసలు పాఠం ఇక్కడే ఉంది. రంగులో చూస్తే రాతి మీది మరక చెక్కిన గీతలా కనిపిస్తుంది, నిజమైన గీత మరక కింద దాక్కుంటుంది. కంట్రోల్, షిఫ్ట్ నొక్కి మౌస్ లాగితే వెలుగు దిశ మారుతుంది. ఏటవాలుగా తెస్తే అరిగిన గీతలు పైకి తేలతాయి. ఈ బూడిదరంగు రూపాన్నే విద్యార్థుల చేత గీయించి, తర్వాత రంగు చూపించండి.

ఒక్క జాగ్రత్త. చెక్కిన బొమ్మ చేతికీ ఒంటికీ మధ్య లోతు సందుల్లో కెమెరాకు కనిపించని చోటును సాఫ్ట్‌వేర్ తనంతట తానే పూడ్చేస్తుంది, అదీ రాయే అనిపిస్తుంది. అలా పూడ్చని కాపీ ఒకటి వేరుగా ఉంచండి. విద్యార్థుల ఫోన్లకు పంపే కాపీలో, మోడల్ ఉపరితలాన్ని కూర్చే త్రిభుజాలను లక్షన్నరకు తగ్గించవచ్చు. గీతలను పరిశీలించే కాపీలో మాత్రం తగ్గించకండి, తగ్గిస్తే ముందు పోయేవి ఆ అరిగిన గీతలే.