కారు లేదని కాగితం ఎవరిస్తారు?

ప్రభుత్వ శాఖల డేటా అంతా ఒకదానితో ఒకటి కలిపితే లెక్కలు, పథకాలు బాగుపడతాయా అని అడిగారు. బాగుపడతాయి. కానీ కలిపేది లెక్క తీయడానికా, పేర్లు కొట్టేయడానికా? ముందు అది తేల్చాలి.

మాది దేవరకొండ దగ్గర. కొన్నేళ్ల కింద మా చిన్నమ్మ రేషన్ షాపుకు పోయి వేలిముద్ర పెడితే కార్డు రద్దయిందన్నాడు డీలర్. కారణం, శాఖల డేటా కలిపి చూస్తే మా బాబాయి పేరు మీద కారుందట! ఆయన మేస్త్రీ కింద కూలి. ఆయన సైకిల్‌కే బ్రేకులుండవు. ఆఫీసుకు పోతే కారు లేదని కాగితం తెమ్మన్నారు. ఉన్న కారుకు ఆర్సీ ఉంటుంది, లేని కారుకు ఏముంటుంది? ఆ సీటు నుంచి ఈ సీటుకు తిప్పి తిప్పి, చివరికి అదే పేరు, అదే తండ్రి పేరు ఉన్న ఇంకొకాయన బండి అని తేల్చారు. మా దిక్కు ఊరికి నలుగురు యాదయ్యలుంటారు, అందులో ఇద్దరి తండ్రులు లింగయ్యలే. కార్డు మళ్లీ వచ్చింది గానీ ఆ నెలల బియ్యం పోయినట్టే.

జిల్లాలో ఎన్ని ఇళ్లకు కార్లున్నాయో లెక్క తీసేటప్పుడు ఒకటి అటూ ఇటూ అయితే కొంపేమీ మునగదు. అదే జాబితా పట్టుకుని కార్డు తీసేస్తేనే గొడవ. 2022లో సుప్రీంకోర్టు కూడా మన తెలంగాణలో రద్దయిన రేషన్ కార్డులను ఇంటికెళ్లి మళ్లీ పరిశీలించమంది. ఇంటికి పోయేదేదో రద్దు చేయకముందే పోవచ్చు కదా. ఆధార్ ఉంది, తప్పు జరగదు అనేవాళ్లు మా తండాలకొచ్చి చూడాలి, ఆధార్ ప్రకారం సగం మంది జనవరి 1నే పుట్టారు!

అసలు కలిపి చూడాల్సింది వలసలను. జనాభా లెక్కలు చూస్తే 2011వి. 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే చేసినప్పుడు, పేరు లేకపోతే ఏం పోతుందోనని పాలమూరు (మహబూబ్‌నగర్) వాళ్లు ముంబై నుంచి కూడా బస్సులెక్కి వచ్చారు. సర్వే అయ్యాక మళ్లీ పనికి పోయారు. కాగితం మీద ఊళ్లోనే ఉన్నారు. ఉపాధి హామీ మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), బడి హాజరు, ఎవరు ఏ ఊళ్లో బియ్యం తీసుకుంటున్నారన్న వివరాలు కలిపితే, ఏ మండలం ఏ నెలలో ఖాళీ అవుతుందో ఇట్టే తెలుస్తుంది. పిల్లలకు హాస్టల్ ఎక్కడ తెరవాలో కూడా. దీనికి పేర్లు బయటపెట్టక్కర్లేదు, ఊరి వారీ అంకెలు చాలు. 2016లో మహబూబ్‌నగర్ జిల్లాను ముక్కలు చేశారు కాబట్టి, పాత అంకెలను ముందు ఊరి వారీగా సర్దుకోవాలి. లేకపోతే పదేళ్ల కిందటి జిల్లాను ఇప్పటి జిల్లాతో పోల్చి, జనం తగ్గారని రిపోర్టు రాసేస్తారు.