ముందు ఒక్క లైటుతో, చిట్టీ

చిట్టీ,

అక్కని గ్లామర్‌గా తీసి నువ్వు పంపిన ఫొటోలన్నీ కూర్చుని ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాను. మూడోదాంట్లో అక్క ముక్కుకి రెండు నీడలు పడ్డాయి, చూశావా? ఒకటి ఎడమ చెంప మీదకి, ఇంకోటి కుడి చెంప మీదకి. అది చూడగానే తెలిసిపోయింది, మూడు లైట్లూ ఒకేసారి వేసేశావని. గ్లామర్ ఫొటో అంటే లైట్లు ఎక్కువ ఉండాలని అందరూ అనుకుంటారు. అసలు పనంతా నీడదే. చెంప ఎముక ఎక్కడ మొదలవుతుందో, దవడ గీత ఎక్కడ తిరుగుతుందో చూసేవాళ్ళకి చెప్పేది నీడే. అన్ని వైపుల నుంచీ వెలుతురు కుమ్మరిస్తే ముఖం పళ్ళెంలా చదునైపోతుంది.

అందుకని రెండు లైట్లు తీసి మూల పెట్టెయ్. ఒక నెల రోజులు ఒక్కదానితోనే పని చెయ్యి.

గది చీకటి చెయ్యి. కర్టెన్లు వేసి, పైన వెలిగే గది లైటు కూడా ఆపెయ్. అది వెలుగుతూ ఉంటే నీ లైటు ఏం చేస్తోందో కంటికి తెలియదు, పైగా రంగులు కలిసిపోతాయి. వెలుతురు రంగుని కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ వెలుతురు నీలంగా మారుతుంది. ఇళ్ళల్లో పసుపుపచ్చగా వెలిగే బల్బు సుమారు 2700 కెల్విన్ ఉంటుంది, పగటి వెలుతురు 5500 దగ్గర ఉంటుంది. రెండూ ఒకే ముఖం మీద పడితే ఒక చెంప పసుపుపచ్చగా, ఇంకో చెంప నీలంగా వస్తుంది. తర్వాత కంప్యూటర్లో ఎంత కుస్తీ పట్టినా అది పూర్తిగా పోదు.

ఇప్పుడు అక్కని కూర్చోబెట్టి, లైటు ఆమె ముఖానికి సూటిగా ఎదురుగా, తలకంటే బాగా పైన పెట్టి కిందకి వంచు. ముక్కు కింద సీతాకోకచిలుక రెక్కల్లాంటి చిన్న నీడ పడుతుంది. అందుకే దీన్ని బటర్‌ఫ్లై లైటింగ్ అంటారు. 1930ల్లో హాలీవుడ్ స్టూడియోలు తమ తారల్ని ఎక్కువగా ఇలాగే తీశాయి. నటి మార్లీన్ డీట్రిక్ ముఖానికి ఇది ఎంతగా నప్పిందంటే, ఆమె పనిచేసిన స్టూడియో పేరు మీద దీన్ని పారామౌంట్ లైటింగ్ అని కూడా పిలుస్తారు. పైనుంచి పడే వెలుతురు చెంప ఎముకల కింద పల్లాన్ని చీకటి చేస్తుంది. ముఖం చెక్కినట్టు కనిపించేది అందుకే.

ఇక్కడ తొందరపడకు. కెమెరా పక్కన పెట్టి ఊరికే లైటు జరుపుతూ చూడు. స్టాండుని బెత్తెడు పైకి లేపు. ముక్కు నీడ కిందకి సాగుతుంది. ఇంకో బెత్తెడు లేపు. నీడ పై పెదవిని తాకుతుంది, కనుబొమల కింద గుంటలు నల్లబడతాయి, కంటిపాపలో మెరిసే చిన్న తెల్ల చుక్క ఉన్నట్టుండి ఆరిపోతుంది. ఆ చుక్క పోయిన క్షణంలో మనిషి మొహంలో జీవం పోయినట్టుంటుంది. వెంటనే కాస్త దించు, చుక్క తిరిగి వెలుగుతుంది. ముక్కుకీ పై పెదవికీ మధ్య జాగాలో నీడ సగం వరకు ఉండి, చుక్క కంటిపాప పైభాగంలో ఉంటే అక్కడ ఆగు. పదిసార్లు అలా పైకీ కిందకీ చెయ్యి. ఇది చెయ్యికి అలవాటవ్వాలి, చదివితే వచ్చేది కాదు.

అక్కడి నుంచి లైటుని మెల్లగా పక్కకి జరిపితే నీడ వంకర తిరిగి చెంప మీదకి వస్తుంది. ఇంకా జరిపితే ఆ నీడ చెంప నీడతో కలిసి కంటి కింద ఒక వెలుగు త్రికోణం మిగులుతుంది. దానికి చిత్రకారుడు రెంబ్రాంట్ పేరు పెట్టారు. ముఖం గుండ్రంగా ఉన్నవాళ్ళకి ఇది బాగుంటుంది. కళ్ళు లోతుగా ఉన్నవాళ్ళకి మాత్రం లైటు మరీ పైన పెట్టకు.

గడ్డం కింద నీడ గట్టిగా ఉందనిపిస్తే రెండో లైటు జోలికి పోకు. ఒక తెల్ల థర్మాకోల్ షీటు ఒళ్ళో పెట్టుకోమని చెప్పు. పైనుంచి వచ్చే వెలుతురే తిరిగి పైకి తగులుతుంది. షీటు దగ్గరికి తెస్తే నీడ మెత్తబడుతుంది, దూరం చేస్తే గట్టిపడుతుంది. షీటు బదులు నల్ల చార్టు పక్కన పెట్టి చూడు, ఆ వైపు దవడ ఎలా తేలుతుందో. నాకు ఆ నల్ల చార్టే ఎక్కువ ఇష్టం.

చర్మం మీద ప్రతి గుంటా కనిపిస్తోందని బాధపడ్డావు. ఆ పాత హాలీవుడ్ ఫొటోలు కూడా గట్టి వెలుతురుతో తీసినవే. 1930లో ఎమ్‌జీఎమ్ స్టూడియోలో చేరిన ఫొటోగ్రాఫర్ జార్జ్ హరెల్ లాంటివాళ్ళు లెన్సు బిగించిన పెద్ద దీపాలు వాడేవారు. తీసిన తర్వాత 8x10 అంగుళాల నెగెటివ్ మీద పెన్సిల్‌తో చర్మాన్నంతా సవరించేవారు. నువ్వు చూసి మురిసిపోయిన నునుపులో సగం ఆ పెన్సిల్‌దే. నీకు వెలుతురు మెత్తగా కావాలంటే లైటుకీ ముఖానికీ మధ్య పల్చటి తెల్ల దుప్పటి కట్టు. దుప్పటి మీద వెలుగు ఎంత వెడల్పుగా పరుచుకుంటే, ముఖానికి ఎంత దగ్గరగా ఉంటే, అంత మెత్తదనం.

దుప్పటి బల్బుకి తగలకుండా చూసుకో. బాగా వేడెక్కే హాలోజన్ బల్బుల రోజుల్లో నేను ఒకసారి గుడ్డని దీపానికి ఆనించి కట్టేశాను. ఫొటోకి కూర్చున్న పాపని నవ్వించడంలో పడి పట్టించుకోలేదు. కాలిన వాసన వచ్చి తిరిగి చూసేసరికి గుడ్డ మధ్యలో గోధుమరంగు మచ్చ, అంచులు మెల్లగా లోపలికి ముడుచుకుంటున్నాయి. పాప ఆ కిందే కూర్చుని ఉంది. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. నీ ఎల్‌ఈడీలు అంత వేడెక్కవు, అయినా జానెడు ఎడం ఉంచు. స్టాండు కాళ్ళ మీద నీళ్ళు నింపిన సీసాలు రెండు కట్టు, పడిపోదు.

నల్ల బ్యాక్‌గ్రౌండు కొనాలా అని అడిగావు. వద్దు. మీ తెల్ల గోడే చాలు. అక్కని గోడకి 6 అడుగుల ముందు కూర్చోబెట్టి, లైటు ముఖానికి 2 అడుగుల దూరంలో పెట్టు. లైటు నుంచి గోడ 8 అడుగులు, అంటే ముఖం కంటే నాలుగు రెట్లు దూరం. వెలుతురు దూరం వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి గోడ మీద పడేది దాదాపు పదహారో వంతే. ఎక్స్‌పోజరు, అంటే కెమెరా ఎంత వెలుతురు తీసుకోవాలన్నది, ముఖానికి సరిచేస్తే తెల్ల గోడ ముదురు బూడిదరంగులోకి పోతుంది. ఇప్పుడు లైటుని ఇంకో 6 అడుగులు వెనక్కి జరిపి, ఎక్స్‌పోజరు మళ్ళీ ముఖానికి సరిచేసి తియ్యి. అదే గోడ తెల్లబడి కనిపిస్తుంది. ఈ ఒక్క ప్రయోగం నీకు బాగా ఒంటబడితే సగం విద్య వచ్చినట్టే.

అక్క రంగు గురించి నువ్వు రాసిన మాట నాకు నచ్చలేదు. "కాస్త తెల్లగా రావాలంటే ఎంత లైటు వెయ్యాలి" అన్నావు. వెయ్యకు. ముదురు రంగు చర్మానికి అందం దాని మెరుపులో ఉంది. పెద్ద వెలుతురుని పక్కవాటుగా పెట్టు, చెంప ఎముక మీద, ముక్కు దూలం మీద, భుజం మీద పట్టులాంటి మెరుపు పరుచుకుంటుంది. లైటు పెంచి తీస్తే ఆ మెరుపు కాలిపోయి తెల్ల మచ్చలవుతుంది. ఫ్రేములో చీకటి ఎక్కువుంటే కెమెరా తనంతట తనే ఎక్స్‌పోజరు పెంచేస్తుంది కూడా, దాన్ని నువ్వే ఒక స్టాప్, అంటే సగానికి, దించాలి. అక్క అక్కలాగే రావాలి.

ఫోనుతో తీసేటప్పుడు మొహం మీదకి పోకు, ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. 5 అడుగులు వెనక్కి జరిగి 2x జూమ్ పెట్టుకో. వీడియోలోనో ఫొటోలోనో అడ్డచారలు వస్తే అది కరెంటు మినుకు. 50 హెర్ట్జ్ కరెంటుకి షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే పోతుంది.

నల్ల జుట్టు అలా చీకటైపోయిన గోడలో కలిసిపోయినప్పుడు మాత్రం మూల పెట్టిన రెండో లైటు బయటికి తియ్యి. వెనక నుంచి, పైనుంచి, చాలా తక్కువగా. నల్ల చార్టుని గొట్టంలా చుట్టి లైటు ముందు పెడితే జుట్టు మీదే పడుతుంది. ఈ గొట్టం కూడా బల్బుకి తగలకూడదు సుమా. లెన్సులోకి వెలుతురు సూటిగా కొట్టకుండా చూసుకో.

ఇంకోటి. లైటు సర్దుకుంటూ అక్కని గంటసేపు కూర్చోబెట్టకు. నిలువు దిండు మీద ఏదైనా బొమ్మ తల పెట్టి అంతా సర్దుకున్నాకే పిలువు. ఎదురుగా వెలుతురు పడితే ఎవరికైనా కళ్ళు చికిలిస్తాయి, మధ్యమధ్య కళ్ళు మూసుకోమను, మూడు అంకెలు లెక్కపెట్టి తెరవమను. తెరిచిన మొదటి క్షణంలో క్లిక్ చెయ్యి. బయట ఎవరికైనా చూపించాలంటే ముందు అక్కని అడుగు.

వచ్చే వారం ఒక్క లైటుతో తీసిన ఫొటో ఒకటి పంపు. లైటు ఎక్కడ పెట్టావో రాయొద్దు. అక్క కంటిపాప చూసి నేను చెప్తాను.

పెద్దమ్మ