కరివేపాకు మొక్క పసుపెక్కుతోందా? ఎరువు కన్నా ముందు పీహెచ్ చూడండి

డాలస్ చుట్టుపక్కలకు కొత్తగా వచ్చిన మనవాళ్లు వేసవి మధ్యలో నన్ను తప్పకుండా అడిగే సందేహం ఇది. కొన్నప్పుడు నిగనిగలాడిన కరివేపాకు మొక్క పాలిపోతోంది, ఏ ఎరువు వేయాలి?

ఎరువు ఆపి, ముందు ఏ ఆకులు పసుపెక్కాయో చూడండి. అడుగున ఉన్న ముదురాకులైతే నత్రజని చాలడం లేదని అనుమానించవచ్చు. అలా కాకుండా చిగురాకులు నిమ్మపండు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా వల అల్లినట్టు కనిపిస్తే అది చాలావరకు ఇనుము లోపమే. మట్టిలో ఇనుము లేక కాదు. మట్టి ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె పీహెచ్. అది 7 దాటి క్షారం వైపు వెళ్లేకొద్దీ ఇనుము వేళ్లకు అందని రూపంలోకి మారిపోతుంది. అప్పుడు ఎంత ఎరువు వేసినా దండగే.

ఇక్కడి కుళాయి నీటి పీహెచ్ 8 దాటడం మామూలే. అందులోని బైకార్బనేట్లు, అంటే పీహెచ్‌ను పెంచే లవణాలు, కుండీలో రోజురోజుకూ పేరుకుంటాయి. కుండీ అంచున తెల్లటి పొర కట్టిందంటే కారణం చాలాసార్లు ఆ నీరే. పెరట్లోని నల్లమట్టిలో సున్నం ఎక్కువ కాబట్టి దాన్ని కుండీలో కలపకండి.

పరీక్షకు రెండు ముళ్ల చవక మీటరును నమ్మవద్దు. పీహెచ్ కాగితపు పట్టీలు, ఒక సీసా డిస్టిల్డ్ వాటర్ చాలు. మొక్కకు ఎప్పటిలాగే నిండుగా నీరు పోసి, ఒక గంట ఆగండి. పళ్లెంలో నిలిచిన నీరు పారబోసి, కుండీని రెండు చెక్కముక్కల మీద ఎత్తి పెట్టండి. మట్టి మీద చుట్టూతా డిస్టిల్డ్ వాటర్ మెల్లగా పోస్తే అడుగు నుంచి కాస్త నీరు దిగుతుంది. మొదట దిగిన పావు కప్పు నీటిలోనే పట్టీ ముంచండి. వేళ్ల దగ్గర ఏముందో అది చెబుతుంది. కరివేపాకుకు 6, 7 మధ్య ఉంటే చాలు. మల్లెకూ అంతే.

ఎక్కువగా ఉంటే ముందు నీటిని సరిచేయండి. వాన నీరు పట్టి పోయడం అన్నిటికన్నా మేలు. అది దొరకనప్పుడు బకెట్ నీటిలో తెల్ల వెనిగర్ కొద్దికొద్దిగా కలుపుతూ, పట్టీతో చూస్తూ, 6 దగ్గరకు రాగానే ఆపండి. దీని ఫలితం తాత్కాలికమే. నిలకడగా తగ్గాలంటే గంధకం పొడి కావాలి. మట్టిలోని బ్యాక్టీరియా దాన్ని ఆమ్లంగా మార్చడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ప్యాకెట్ మీద రాసిన మోతాదు దాటవద్దు. తొందరపడి మళ్లీ వేస్తే వేళ్లు మాడతాయి. వాడేసిన కాఫీ పొడి దాదాపు తటస్థమే, దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఇంట్లో ఉప్పుతో పనిచేసే వాటర్ సాఫ్ట్‌నర్ ఉంటే ఆ నీరు అసలు పోయకండి, సోడియం మొక్కకు చేటు.

ఈలోగా మొక్క నీరసించకుండా చీలేటెడ్ ఐరన్, అంటే వేళ్లకు అందే రూపంలోనే నిలిచేలా మరో పదార్థంతో బంధించిన ఇనుము, వేయవచ్చు. కొనేటప్పుడు ప్యాకెట్ వెనుక చదవండి. ఈడీటీఏ రకం క్షారగుణం ఉన్న మట్టిలో త్వరగా నిష్ఫలమవుతుంది, ఈడీడీహెచ్ఏ రకం 7 దాటినా పనిచేస్తుంది. ఖరీదు ఎక్కువైనా అదే తీసుకోండి. ఇప్పటికే పసుపెక్కిన ఆకులు పూర్తిగా కోలుకోకపోవచ్చు, వాటిని చూసి మోతాదు పెంచవద్దు. కొత్తగా వచ్చే చిగురు రంగే మీకు కొలమానం.